ఐదు ఆదివారాల రెహబాము

నగర్తపేట వెనక సందులో, పెంకుల కప్పు కింద కూడే తెలుగు క్రైస్తవ సంఘానికి ముప్పై ఏళ్లుగా ఒక్కడే పెద్ద. పేరు సొన్నప్ప. పట్టుచీరలు నేసేవాడు. డెబ్బై ఒకటి నిండాయి. ఆయన తలమీది చివరి వెంట్రుక మొదటి యుద్ధంలోనే రాలిపోయిందనీ, ఇప్పుడు నడుస్తున్న రెండో యుద్ధం వల్ల ఆయనకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదనీ సంఘంలో కుర్రాళ్లు చెప్పుకునేవాళ్లు.

తాతల కాలంలో మిషన్లో కలిసిన కుటుంబాలవి. దేవుడు మారాడు గాని పేర్లు మారలేదు. పాస్టరుగారి పేరు కూడా నంజప్పే. ఆయన నెలకో ఆదివారం సైకిలు తొక్కుకుంటూ వచ్చి వెళ్లేవాడు. మిగతా ఆదివారాలన్నీ సొన్నప్పవి. బైబిల్లో వాక్యం చదివేది ఆయన, కీర్తన ఎత్తేది ఆయన, కునికేవాళ్లను ఇంటిపేరుతో సహా పిలిచి లేపేది ఆయన. సంఘంలో సగం మందికి చదువు రాదు కాబట్టి, కీర్తనలో ఒక్కో వరుస ముందు ఆయన గట్టిగా చెప్పేవాడు, దాన్ని అందుకుని అందరూ పాడేవాళ్లు. ఆ గొంతు మార్కెట్టు దాకా వినబడేదనీ, అక్కడ బేరమాడేవాళ్లు పాపభయంతో రెండు కాసులు తగ్గించేవాళ్లనీ ఒక నమ్మకం ఉండేది.

మూడేళ్లకోసారి పెద్దను ఎన్నుకోవాలని రూలు. పాస్టరుగారు చేతులెత్తమంటే ఎత్తేవాళ్లు, దించమంటే దించేవాళ్లు. అది ప్రార్థనలో ఒక భాగమేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. 1944లో మాత్రం కుర్రాళ్లంతా కలిసి చిన్నప్ప పేరు పెట్టారు.

చిన్నప్పకు ఇరవై మూడేళ్లు. అవెన్యూ రోడ్డు పక్కన ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కాబట్టి, ఎటు తిప్పి పెట్టిన కాగితాన్నయినా అతను గడగడా చదివేసేవాడు. తిన్నగా ఉన్న కాగితం ఇస్తేనే కాస్త తడబడేవాడు. ఆదివారం హార్మోనియం వాయించేవాడు. పెద్దరికం మీద అతనికి ఎప్పుడూ మోజు లేదు. అతన్ని అందులోకి దింపినవాడు రెహబాము.

ఈ రెహబాము బైబిల్లో సొలొమోను రాజు కొడుకు. రాజు కాబోయే వేళ జనం వచ్చి, మీ నాయన మోపిన బరువు మోయలేకపోతున్నాం, కాస్త తగ్గించు సామీ అన్నారు. ముసలి మంత్రులు మెత్తగా జవాబు చెప్పమన్నారు. తనతోపాటు పెరిగిన కుర్రాళ్లు మాత్రం, మా నాయన నడుము కన్నా నా చిటికెనవేలే లావని చెప్పమన్నారు. రెహబాము కుర్రాళ్ల మాట విన్నాడు. పన్నెండు గోత్రాల్లో పది గోత్రాలు లేచి వెళ్లిపోయాయి.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం సొన్నప్ప ఈ కథ చదివాడు. అందరూ తలలూపారు. మరుసటి ఆదివారం మళ్లీ అదే చదివాడు. పొరపాటేమో అనుకున్నారు. మూడో ఆదివారం కూడా రెహబామే వచ్చేసరికి కుర్రాళ్ల చాప మీద దగ్గులు మొదలయ్యాయి. మామూలుగా ఏ ఆదివారం ఏం చదవాలో మిషన్ వాళ్లు కార్డు అచ్చువేసి పంపేవాళ్లు. యుద్ధంలో కాగితం కరువై ఆ ఏడు కార్డు రాలేదు. కాబట్టి ఇది పెద్దాయన ఏరికోరి చదువుతున్నదే, కోరి మరీ మమ్మల్నే తిడుతున్నాడని కుర్రాళ్లు తేల్చుకున్నారు. నాలుగో ఆదివారం రెహబాము అయ్యాక బయటికొచ్చి చిన్నప్ప పేరు పెట్టారు.

తర్వాత జరిగిన యుద్ధంతో పోలిస్తే బర్మాలో జరుగుతున్నది పిల్లల గొడవ. కుర్రాళ్లకు సేనాధిపతి అంజినప్ప, దర్జీ పని చేసేవాడు. గొర్రెలు కాసే దావీదు, నేను బాలుడినని వెనకాడిన యిర్మీయా, పౌలు దగ్గర ఉత్తరం అందుకున్న పడుచు తిమోతి, అందరినీ వరసగా దించాడు. యోషీయా ఎనిమిదేళ్లకే రాజయ్యాడనీ, ఆ లెక్కన చిన్నప్ప పదిహేనేళ్లు ఆలస్యమయ్యాడనీ వాదించాడు. ముసలివాళ్లు మెతూషెలను తీసుకొచ్చారు. ఆయన తొమ్మిది వందల అరవై తొమ్మిదేళ్లు బతికాడు, ఆ లెక్కన సొన్నప్పకు ఇంకా పాలపళ్లు ఊడలేదన్నారు.

అందరికన్నా పెద్ద ఫిరంగి చిన్నప్ప ఇంట్లోనే ఉంది. అతని అవ్వ పాపక్క. ఎలీషా ప్రవక్తను బోడివాడని వెక్కిరించిన నలభై ఇద్దరు కుర్రాళ్లను ఎలుగుబంట్లు చీల్చేసిన కథను ఆమె ప్రతి పూటా రాగిముద్దతో పాటు వడ్డించేది. దాంతో చిన్నప్ప సొన్నప్పతో మాట్లాడేటప్పుడు కనుబొమల పైకి చూడడం మానేశాడు. ఆమె దగ్గర ఇంకో వాదన కూడా ఉండేది. దానికి మాత్రం అంజినప్ప దగ్గర కూడా జవాబు లేదు.

"నీ పేరే చిన్నప్ప. నువ్వు పెద్ద ఎట్లవుతావురా? పిలిచేటోళ్లకు బేజారు కాదా?"

ఐదో ఆదివారం పొద్దున చిన్నప్పకు ఒక ఆలోచన వచ్చింది. అతనికి వచ్చే ఆలోచనలన్నీ ఆ జాతివే. అందరికన్నా ముందు వెళ్లి, బల్లమీది పెద్ద బైబిల్లో ఎర్ర రిబ్బను గుర్తును రెహబాము దగ్గర్నుంచి తీసి, పౌలు తిమోతికి రాసిన ఉత్తరంలో పెట్టాడు. వయసులో చిన్నవాడివని నిన్నెవరూ తీసిపారేయకుండా చూసుకో అని పౌలు చెప్పే చోటు అది. ముసలాయన రిబ్బను దగ్గర తెరుస్తాడు, అందరి ముందూ ఆ మాట తన నోటితోనే చదువుతాడు. అంజినప్పకు చెబితే వాడు సంతోషం పట్టలేక గోడకు జారగిలపడ్డాడు.

సొన్నప్ప వచ్చాడు. రిబ్బను పట్టుకుని పుస్తకం తెరిచాడు. ఒక్క క్షణం అరచేతిని పేజీ మీద పెట్టి ఆగాడు. తర్వాత గొంతు సవరించుకుని, రెహబాము షెకెముకు వెళ్లెను అని మొదలుపెట్టాడు.

హార్మోనియం బల్లకు ఎదురుగా ఉండేది. చిన్నప్ప కళ్లకు పేజీ తలకిందులుగా కనబడుతోంది. అక్కడ ఉన్నది తిమోతే. ముసలాయన చూపు వరసల వెంబడి కదులుతోంది, వేలు కదులుతోంది, నోట్లోంచి మాత్రం రెహబాము ఒక్క అక్షరం తప్పకుండా వస్తున్నాడు. చిన్నప్ప తలొంచుకున్నాడు. బల్ల కింద సొన్నప్ప పాదాలు కనబడ్డాయి. కుడి పాదం నొక్కుతోంది, ఎడమ పాదం లేస్తోంది, మళ్లీ ఎడమది, మళ్లీ కుడిది. మగ్గం తొక్కుతున్నట్టే. ఒక్కో వరుసకు ఒక్కో తొక్కు.

ఈయనకు చదువు రాదు, అనుకున్నాడు చిన్నప్ప. ఏనాడూ రాలేదు.

బయటికొచ్చాక అంజినప్ప ఏమైందని పట్టుకున్నాడు. రిబ్బను జారిపోయినట్టుంది అన్నాడు చిన్నప్ప. వాడు దిగులుపడలేదు. అంతకన్నా మంచి ఏర్పాటు చేశానన్నాడు. పాస్టరుగారికి ఉత్తరం రాశాడట. వచ్చే ఆదివారం ఓటుకు ముందు పాస్టరుగారే పుస్తకాన్ని మధ్యలో ఎక్కడో తెరిచి, ఇద్దరిచేతా చదివించాలి. సంఘం విని ఎవరు పెద్దో తేల్చుకుంటుంది. పాస్టరుగారు సరేనని కార్డు కూడా రాశారు.

"నువ్వు అచ్చాఫీసోడివి కదప్పా, రైలు మాదిరి పోతావు. ముసిలాయన కండ్లజోడు ఎతుక్కునే లోపల అయిపోతాది" అన్నాడు అంజినప్ప. వాడికి ఇంతకు మించి ఏమీ తెలియదు.

ఆ వారమంతా చిన్నప్ప అచ్చాఫీసులో తప్పులు కూర్చాడు. ఒక పెళ్లిపత్రికలో వరుడి తండ్రిని వధువుగా వేశాడు. శనివారం సగం పూటే పని. మధ్యాహ్నం సొన్నప్ప ఇంటికి వెళ్లాడు.

ఇల్లంటే ఒక గదే. గదంటే మగ్గమే. మగ్గానికి ఒక చివర, నేసేవాడికి దగ్గరగా, ఒక చిన్న పీట ఉంది. దాని మీద ఎవరూ లేరు. సొన్నప్ప భార్య అక్కయమ్మ జూన్ నెలలో పోయింది. చిన్నప్ప పీట మీద కూర్చోకుండా గడప దగ్గర నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఈ ఏడు వానలు బాగా పడ్డాయన్నాడు. సొన్నప్ప ఒప్పుకున్నాడు. పడుగులోంచి దారం మోసే నాడె అటు వెళ్లింది, ఇటు వచ్చింది.

"రిబ్బను మార్చింది నువ్వేనాప్పా?"

చిన్నప్ప తలూపాడు. చాలదని తోచి, అవునని నోటితో కూడా అన్నాడు.

"తెరస్తానే తెలిసింది" అన్నాడు సొన్నప్ప, చేయి ఆపకుండానే. "రెహబాము కాడ ఎడమ పక్క మూడు వేళ్ల మందం ఉండాల, కుడి పక్క దండిగా ఉండాల. నువ్వు పెట్టిన తావులో కుడి పక్క ఏమీ లేదు. పాత పంచె మాదిరి పలచగా ఉండాది."

"మరి రెహబామే ఎందుకు చెప్పినావు తాతా?"

"నా కాడ ఇంకేముండాది?"

అప్పుడు మగ్గం ఆపి చెప్పాడు. ఆయనకు అక్షరం రాదు. అక్కయమ్మ మిషన్ బళ్లో నాలుగు దాకా చదివింది. తనను పెద్దగా ఎన్నుకున్న దినం భయపడి ఇంటికొచ్చి ఆమెకు చెబితే, అదెంత పని అని ఆ పీట వేసుకుని కూర్చుంది. అప్పటి నుంచి ప్రతి శనివారం, మరుసటి దినం వాక్యాన్ని ఆమె ఒక్కో వరుసా చదివేది, ఆయన ఒక్కో వరుసకూ ఒకసారి తొక్కి నాడె విసిరేవాడు. జానెడు చీర నేసేసరికి వాక్యం నోటికి వచ్చేసేది. ఆదివారం చెప్పేవాడు, సోమవారానికి మరిచిపోయేవాడు. శనివారం మళ్లీ కొత్తది. ముప్పై ఏళ్లు. ఆమె పోయాక, మరిచిపోగా ఎక్కడో మిగిలిన పాత ముక్కలతో మూడు నెలలు నెట్టుకొచ్చాడు. కండెలో దారం అయిపోయినట్టు అవి ఒక్కొక్కటే అయిపోయాయి. ఒక్కటే మిగిలింది.

"కడాకు మా ఇంటిది చదివింది అదే. జొరంలో మర్చిపోయేది. నిన్న చదివిందే ఈ దినం కొత్తగా తెరిచి చదివేది. పదకొండు దినాలు. అయిపోయిందే ఇది అని చెప్పేదానికి నాకు నోరు రాలేదు. పదకొండు దినాలూ మొదటిసారి విన్నట్లే విన్నా." పీట వైపు చూశాడు. "అందుకే అది పోలేదు. మిమ్మల్ని తిట్టల్లని కాదు నాయనా. ఆ పొద్దు మీరెవురూ నా తలకాయలోనే లేరు."

ఐదు వారాలుగా తన మీదే గురిపెట్టారనుకున్న యుద్ధంలో తన పేరే లేదని చిన్నప్పకు తెలిసింది. కూర్చోవాలనిపించింది. పీట తప్ప ఇంకేమీ లేదు. నేలమీద కూర్చున్నాడు.

తర్వాత గబగబా చెప్పేశాడు. రేపు పాస్టరుగారు పుస్తకం తెరిచి చదవమంటారు. నేను పొద్దున్నే వెళ్లి పేరు వెనక్కి తీసుకుంటాను. పోటీ లేకపోతే చదివించే పనీ ఉండదు. ఈ సంగతి నాతోనే ఉంటుంది, ప్రాణం పోయినా బయటికి రాదు. ఇవన్నీ చెబుతుంటే తనమీద తనకే గౌరవం కలిగింది.

సొన్నప్ప నవ్వాడు.

"నా గుట్టు నువ్వు మోస్తే సంఘానికి పెద్ద అవుతావా, నాకు కూలోడివి అవుతావా? ముప్పై ఏండ్లు దాన్ని మా ఇంటిది మోసింది. చాలు."

"నీకు అవమానం కదా తాతా?"

"ఉంటాది. ఉండనీ." నాడెను చేతిలో తిప్పాడు. "రెహబాముకు అప్పుడు ఎన్నేండ్లో తెలుసునా నీకు?"

తెలియదన్నాడు చిన్నప్ప. చదువు వచ్చింది తనకే అయినా ఆ సంగతి ఎప్పుడూ చూడలేదు.

"నలభై ఒకటి. ఇంకో రెండు పేజీలు పోతే రాసుండాది, మా ఇంటిది ఎతికి చెప్పింది. నలభై ఒకటికి నాకు మోకాళ్లు నొస్తా ఉండె. అట్లాటోడిని పట్టుకొని మీరూ కుర్రోడంటారు, మావోళ్లూ కుర్రోడంటారు, ఉత్తపుణ్యానికి సుమ్మనే గలాట." కాస్త ముందుకు వంగాడు. "ముసిలోళ్లు చెప్పింది మంచిదే. కానీ వాడు వినంది వాళ్ల మాటొకటే కాదప్పా. బరువు మోసేటోళ్లు వాకిట్లో నిలబడి, మోయలేమురా నాయనా అని చెప్పుకున్నారే, ఆ మాట వినలేదు. అది విననోడికి ఎన్నేండ్లుంటే ఏంది?"

 రెండు వారాల వాదనల్లో ఇలాంటి మాట ఏ పక్కనుంచీ రాలేదు.

"సరే, నువ్వు రిబ్బను పెట్టిన తావులో ఏముండాది? చెప్పు, విందాం."

చిన్నప్పకు సిగ్గేసింది. అయినా చెప్పాడు. అది నోటికి వచ్చు, రెండు వారాలుగా సందులో ప్రతి ముసలివాడికీ వినిపించాడు. అలవాటు చొప్పున సొన్నప్ప ఒక్కో వరుసకూ నాడె విసిరాడు. అయ్యాక, ఇది రాసింది ఎవరని అడిగాడు. పౌలు, అప్పటికే ముసలాయన అన్నాడు చిన్నప్ప.

"అదీ. ముసిలోడు రాసినందుకు దానికి అందం. ఆ కుర్రోడే తన గురించి తాను రాసుకొని ఉంటే ఎవురు వింటారు?"

రెండు వారాలుగా ఆ మాటను తన గురించి తానే చెప్పుకు తిరిగిన చిన్నప్ప గోడమీది బల్లిని శ్రద్ధగా చూశాడు.

ఆదివారం చాపలు చాలలేదు. చర్చి మొహం చూసి నాలుగేళ్లయినవాళ్లు కూడా పోటీ చూడ్డానికి వచ్చారు. పాస్టరు నంజప్పగారు సైకిలు గోడకు ఆనించి, చెమట తుడుచుకుని, ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని పుస్తకం తెరిచారు. వయసులో పెద్దవాడని ముందు సొన్నప్ప వైపు తిప్పారు.

సొన్నప్ప లేచి నిలబడ్డాడు. పుస్తకాన్ని మెల్లగా పక్కకు జరిపాడు.

"నాకు అక్షరం రాదు" అన్నాడు. అదే గొంతు, కాబట్టి మార్కెట్టులో కూడా వినబడే ఉంటుంది. "ఏ పొద్దూ రాలేదు. అక్కయమ్మ చదివేది, నేను చెప్పేవాడిని. మీకు చెప్పలేదు, అది నా తప్పు. ఈ ఐదు వారాలూ ఒకటే చెప్పినా, అదొకటే ఉండాది నా కాడ. దానివల్ల మీరు కొట్లాడినారు. అదీ నా తప్పే."

కూర్చున్నాడు.  వెనక ఎవరో, ముప్పై ఏళ్లు మనల్ని మోసం చేశాడన్నమాట అని గొణిగారు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు. అంజినప్ప ముఖం పాలిపోయింది. తాను కుట్టిన ఏర్పాటు ఎవరికి గుచ్చుకుందో వాడికి అప్పుడు తెలిసింది.

పాపక్క చాప మీంచే తిరిగింది.

"ఎవురది మోసమనేది? ముప్పై ఏండ్లలో ఒక తప్పు చదివినాడా? సదువొచ్చిన నా మనమడు మొన్న పెండ్లికొడుకు నాయనకే తాళి కట్టించబోయినాడు."

నవ్వు ఒక మూల మొదలై గదంతా పాకింది. ఆ నవ్వులో కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. అక్కయమ్మ శనివారాలను అందరూ ఒకేసారి చూసినట్టుంది.

పాస్టరుగారు చేతులెత్తమన్నారు. ముందు సొన్నప్ప పేరు చెప్పారు. ముప్పై ఏళ్ల అలవాటు చొప్పున గది మొత్తం చేతులెత్తబోయి, కొంతమంది దించుకున్నారు. పంతొమ్మిది మిగిలాయి. అందులో ఒకటి చిన్నప్పది. తర్వాత చిన్నప్ప పేరు చెప్పారు. ముందు లేచిన చేయి సొన్నప్పది. దాన్ని చూసి ముప్పై ఏడు చేతులు లేచాయి.

కొత్త పెద్దను బల్ల దగ్గరికి పిలిచారు. అక్కడి నుంచి గది చాలా పొడుగ్గా కనబడింది. చిన్నప్ప పుస్తకం వైపు చూశాడు. పాస్టరుగారు కళ్లు మూసుకుని తెరిచిన చోట కథ లేదు, కీర్తన లేదు, నీతి లేదు. ఫలానావాడి కొడుకు ఫలానా, వాడి కొడుకు ఫలానా అని పేజీ నిండా తండ్రులూ కొడుకులే ఉన్నారు. పేజీ తిన్నగా కూడా ఉంది. అతను తడబడ్డాడు. గొంతు మూడో చాప దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. వెనక నుంచి, వినబడలేదప్పా అన్నారు.

ముందు చాప మీద, ముప్పై ఏళ్లలో మొదటిసారి అందరితో కలిసి కూర్చున్న సొన్నప్ప తల ఎత్తాడు. చిన్నప్ప చదివిన వరుసను ఉన్నదున్నట్టు, పెంకులు అదిరేలా చెప్పాడు. ఆ గొంతు ఒక వరుస చెబితే అందుకోవడం తప్ప ఆ సంఘానికి ఇంకో అలవాటు లేదు. గదంతా ఆ వరుసను అందుకుంది. కొందరు రాగం కూడా పెట్టారు. పాస్టరుగారు ఆపాలా వద్దా అని చేయి కొంచెం ఎత్తి, చివరికి ఆ చేత్తోనే తాళం వేశారు.

చిన్నప్ప ఇంకో వరుస చదివాడు. సొన్నప్ప చెప్పాడు. అందరూ అందుకున్నారు. నోరు తిరగని ఆ పేర్లను, ఎప్పుడో పోయిన ఆ తండ్రులనూ వాళ్ల కొడుకులనూ, నగర్తపేట నేతగాళ్లూ దర్జీలూ ముసలమ్మలూ ఒక్కొక్కరినే పిలిచారు. చిన్నప్పకు గొంతు కుదిరింది. కుదిరిన కొద్దీ వేగం హెచ్చింది. అచ్చాఫీసువాడు కదా, పేజీ సగం దాటేసరికి రైలు అందుకున్నాడు.

సొన్నప్ప చేయెత్తి ఆపాడు.

"మెల్లిగా చెప్పు పెద్దా" అన్నాడు. "మేమంతా ఎనకాల వస్తా ఉండాం."